పది గంటల మాత్ర

మా బావ తుమ్మితే గోడ మీది లోలకం గడియారాలు రెండు నిమిషాలు వెనక్కి నడిచేవి. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. మీరు నమ్మకపోతే నాకొచ్చే నష్టమేమీ లేదు, ఆ రెండు నిమిషాలు మాత్రం మీకు రావు.

బావ అంటే మా అక్క మొగుడు. వాచీలు బాగుచేస్తాడు. మేడ మీద ఇల్లు, కింద వీధివైపు గదిలో కొట్టు. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, మరలు దొర్లి కింద పడకుండా ఆ బల్లకి మూడు వైపులా వేలెత్తు చెక్క కట్ట. బల్ల మీద తెల్ల కాగితం, కాగితం మీద బోర్లించిన గాజు గిన్నెలు, ఒక్కో గిన్నె కింద ఒక్కో వాచీ పేగులు. కుడిచేతి పక్కన పళ్ళెంలో చిన్న చిన్న పట్టకార్లు, సూదుల్లాంటి స్క్రూడ్రైవర్లు. గోడకి పదమూడు గడియారాలు. వచ్చేవాళ్ళు కూర్చోడానికి ఒక స్టూలు. ఆ స్టూలు మీద సాధారణంగా నేనే ఉంటాను.

ఎందుకుంటానంటే, మందుల కోర్సు రెండో ఏడాదికల్లా ఆ కాలేజీకి నేను నేర్పాల్సిందంతా నేర్పేశాను, ఇంక అక్కడుండి లాభం లేదని వచ్చేశాను. అప్పట్నుంచీ చుట్టాల్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు నన్నడుగుతారు, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పరిగెడతారు.

బావ నాలాంటి మనిషి కాదు. నోట్లోంచి మాట ఊడిపడాలంటే స్క్రూడ్రైవరు కావాలి. పొద్దున కంటికి భూతద్దం బిగిస్తే అక్క భోజనానికి పిలిచేదాకా తీయడు. ఒకసారి అది తీయడం మర్చిపోయి భోజనానికి కూర్చుని, కంచంలో మిరియపు గింజ చూసి రాయి వచ్చిందని అక్కకి చూపించాడు. ఆ పూట వంటింట్లోంచి గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగా వినపడింది.

పనిలో ఆయనకి రెండు పట్టుదలలున్నాయి. ఏ వాచీ తెరిచినా దాని వెనక మూత లోపలివైపు సూదిమొనతో తారీఖు, తన గుర్తు చెక్కుతాడు. పెట్టుకున్నవాడికి అది ఎప్పటికీ కనపడదు. ఏ పదేళ్ళకో ఇంకో పనివాడు మూత తీస్తే అతనికి కనపడుతుంది. రెండోది, ఒకసారికి ఒక్కటే మార్చాలి. వాచీ వెనకబడుతోందా, ముందు నూనె మార్చి చూడు. కుదరలేదా, అప్పుడు స్ప్రింగు. రెండూ ఒక్కసారే మార్చావనుకో, బాగైంది దేనివల్లో నీకు తెలీదు, ఎందుకు బాగైందో తెలీని వాచీ తప్పకుండా మళ్ళీ నీ గుమ్మం ఎక్కుతుంది అంటాడు. బాగుచేసిన ప్రతి వాచీకీ ఒక చీటీ కట్టి, మూడురోజులు అది ఎన్ని సెకన్లు పరిగెత్తిందో, ఎన్ని సెకన్లు కుంటిందో రాసుకున్నాకే మనిషికి అప్పజెబుతాడు.

ఇంత నిదానస్తుడికి దేవుడు చూసి చూసి తుమ్ములిచ్చాడు.

వీధిలో దుమ్ము లేచే నెలల్లో మొదలయ్యేవి. వాటికీ బావ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ముక్కులో చక్కిలిగింత పుట్టగానే ఎడంకాలితో బల్లని ఒక్క తన్ను తన్నేవాడు. కింద చక్రాలున్న కుర్చీ ఆయన్ని గోడదాకా వెనక్కి తీసుకుపోయేది. అక్కడ తల తిప్పి, మోచేతి మడతలోకి తుమ్మి, అదే ఊపులో మళ్ళీ బల్ల దగ్గరికొచ్చేసేవాడు. ఈ ప్రయాణమంతా కుడిచేతి పట్టకారు కొసన ఆవగింజలో సగముండే మర కదలకుండా నిలబడి ఉండేది. నేల మీద ఆ చక్రాల గాడి ఎంత లోతుగా పడిందంటే, వానాకాలం అందులో నీళ్ళు పారతాయి. ఇరవయ్యారేళ్ళలో తుమ్ముకి పోయినవి మూడే మరలు. అందులో ఒకటి ఒక పెద్దమనిషి మీసంలో చిక్కుకుంటే, మూడోరోజు మంగలి తీసి తెచ్చిచ్చాడు.

పోయినేడు దుమ్ము మరీ ఎక్కువైంది. ఒకరోజు పెద్ద టీచరమ్మ వాచీలో హెయిర్ స్ప్రింగు పెడుతున్నాడు. వెంట్రుకంత సన్నటి తీగని నత్తగుల్లలా చుడితే అదే హెయిర్ స్ప్రింగు, వాచీకి గుండెకాయ. పెద్ద టీచరమ్మంటే మా వీధిలో సగం మందికి అక్షరాలు దిద్దించినావిడ, రిటైరై పదేళ్ళయినా ఆవిడ ఎదురొస్తే ఇప్పటికీ మగాళ్ళు చేతిలో సిగరెట్టు జేబులో దాచి చొక్కాలు కాల్చుకుంటారు. సరిగ్గా ఆవిడ వాచీ దగ్గరే, కాలు బల్లని తన్నేలోపే తుమ్ము వచ్చేసింది. స్ప్రింగు ఎగిరిపోయింది. అక్క, బావ, నేను ముగ్గురం నేల మీద బోర్లాపడి వెతికాం. చివరికి నా టీ గ్లాసులో తేలింది. ఇంకో గుక్క తాగి ఉంటే ఈపాటికి నేను సెకన్లు కొట్టుకుంటూ తిరుగుతుండేవాణ్ణి.

మా అక్కకి మేం పెట్టుకున్న పేరొకటుంది, అలారం. ఆవిడకి వినపడనంత దూరంలో అంటాం. ఆ సాయంత్రం అలారం మోగింది. మందుల షాపుకెళ్ళి అలర్జీ మాత్రలు తెచ్చింది. తుమ్ములకీ దురదలకీ అందరూ వేసుకునేవే, పసుపురంగు అట్టలో పది తెల్ల బిళ్ళలు. నా చేతికిచ్చింది. నేను అట్ట అటూ ఇటూ తిప్పి తల ఊపాను. మా ఇంట్లో నేను తల ఊపితే మందుచీటీ రాసినట్టే లెక్క.

అలా పది గంటల మాత్ర మొదలైంది. రోజూ పదింటికి అక్క మేడ దిగి, ఒక చేత్తో టీ, ఇంకో చేత్తో మాత్ర బల్ల మీద పెట్టి, గొంతు దిగేదాకా నిలబడి, అప్పుడు మేడ ఎక్కేది. కొట్టుకి సెలవైన ఆదివారం మాత్రం ఇంట్లోనే, ఎనిమిదింటికి. మొదటి వారం స్వర్గం. తుమ్ము లేదు, తన్ను లేదు. గోడ మీద గడియారాలు ముందుకి మాత్రమే నడవడం అలవాటు చేసుకున్నాయి. నేను తల ఊపడం వల్లే ఇదంతా అని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను.

రెండో వారంలో బావకి ఒళ్ళంతా దద్దుర్లు.

మామూలు దద్దుర్లు కావవి. మోచేతి దగ్గర నాణెమంత లేచి, చూస్తుండగానే పక్కదానితో కలిసి, ముంజేతికొచ్చేసరికి ప్రపంచ పటం అయిపోయేవి. వాచీ కోసం వచ్చిన ఒకాయన బావ చేయి చూసి, తన కొడుకు ఓడలో పనిచేసే రేవు ఎక్కడుందో వేలుపెట్టి చూపించాడు. దురదకి బావ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. చేతులు తొడల కిందుంటే వాచీలెవరు చేస్తారు? మధ్యాహ్నానికి కాస్త తగ్గేవి, మర్నాడు పొద్దున మళ్ళీ తయారు.

వీధి చివర డాక్టరు చూసి అలర్జీ అన్నాడు. అలర్జీకి ఏం వాడుతున్నారని అడిగాడు. అక్క మాత్ర పేరు చెప్పింది. ఆయన సంతోషించి, మందు మంచిదే, డోసు చాలట్లేదు, అదే జాతిలో ఇంకాస్త గట్టిది రాస్తున్నానన్నాడు. దద్దుర్లకి బలం ఎక్కడ్నించి వచ్చిందో గానీ ఆ వారంలో అవి వీపుకి కూడా పాకాయి.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత మీ నోటిదాకా వచ్చే ఉంటుంది. కాస్త ఆపుకోండి. అప్పటికి ఇంట్లో ఎవరికీ రాలేదు. రాకపోగా, అక్క దొంగని పట్టే పనిలో దిగింది. మొదట వంకాయ. వంకాయ ఇంటి గడప దాటకూడదు. తర్వాత సబ్బు. తర్వాత దిండు. ఆ తర్వాత పక్కింటి పిల్లి, అది మధ్యాహ్నాలు బావ ఒళ్ళో పడుకుంటుంది. కోడిగుడ్డు, కొత్త తువ్వాలు, నా సెంటు. అన్నీ ఒకే సోమవారం ఇంట్లోంచి బయటికి గెంటింది. నా సెంటు సంగతి మీకు చెప్పనక్కర్లేదు, దాని వాసనకి పూలే సిగ్గుపడతాయి. బావ నెమ్మదిగా, ఒకసారికి ఒక్కటి మారిస్తే బాగుండేదేమో అని గొణిగాడు. మీ ఒళ్ళు వాచీ కాదండీ అంది అక్క.

వంకాయ పోయినా, పిల్లి పోయినా దద్దుర్లు పోలేదు. ఇంక మిగిలిందొక్కటే, వాచీ నూనె. ఇరవయ్యారేళ్ళుగా వేళ్ళకి అంటుకుంటున్న ఆ నూనే ఇప్పుడు ఒంట్లోంచి బయటికొస్తోందని అక్క తేల్చింది. మరి కొట్టుకి సెలవైన ఆదివారం కూడా వస్తున్నాయి కదా అని నేను లాజిక్కు తీశాను. గోళ్ళలో మిగిలిన నూనెరా అంది. అక్కతో వాదించి గెలిచినవాడు మా వంశంలో ఇంకా పుట్టలేదు, పుట్టేవాడికి కూడా ఆ సంగతి ముందే చెప్పి పంపుతారు.

అలా తేల్చాక మా బాబాయికి ఫోను చేసింది. బాబాయికి లారీ పార్సిళ్ళ ఆఫీసుంది. అందులో కూర్చుని వచ్చిన పెట్టె మీద ఒక ముద్ర, పోయే పెట్టె మీద ఒక ముద్ర వెయ్యాలి. నూనె లేదు, ఇనుము లేదు. వచ్చే సోమవారం నుంచి బావ అక్కడ. కొట్టు గది ఖాళీ.

బావ సరే అన్నాడు. అంతే. ఆ సరే నాకస్సలు నచ్చలేదు. మర్నాడు గోడ మీంచి రెండు గడియారాలు దించి, దుమ్ము తుడిచి, కాగితంలో చుట్టాడు. సగం చేసిన వాచీలకి చీటీలు కట్టి, ఎవరివి వాళ్ళకి కబురు పెట్టమన్నాడు. నేను నవ్విద్దామని ఏవో అన్నాను. ఆయన బల్ల అంచు చెక్కని బొటనవేలితో రాస్తూ, "అక్కడ ఏదీ టిక్కుటిక్కుమనదు కదా," అన్నాడు.

"పార్సిలు టిక్కుటిక్కుమంటే పరిగెత్తాలి బావా," అన్నాను.

నవ్వలేదు. నా జోకుకి నవ్వకపోవడం మామూలే, కానీ ఆ రోజు నాకే నవ్వు రాలేదు.

మంగళవారం పొద్దున పెద్ద టీచరమ్మ వచ్చింది. బాగుచేసి పంపిన ఆవిడ వాచీ రోజుకి అరగంట ముందుకి పరిగెడుతోందిట. దాన్ని నమ్మి గుడి తలుపులు తీయకముందే ఓసారి, బ్యాంకు తాళం తీయకముందే ఓసారి వెళ్ళి నిలబడిందిట. రెండోచోట వాచ్‌మన్ ఆవిడ పాత శిష్యుడే, భయపడి తానే తాళం తీసేయబోయాడట. ఆవిడ కోపంగా చెప్పలేదు, జాలిగా చెప్పింది. అదే ఘోరం. ఆవిడ వెళ్ళాక బస్సు డ్రైవరు వచ్చాడు, ఆయన వాచీ కూడా ముందుకే. పది కాకముందే నాలుగు వాచీలు గుమ్మం ఎక్కాయి. నాలుగూ ఈ నెలలో బావ చేతి మీదుగా వెళ్ళినవే, దురద గొడవలో మూడురోజులు చూడకుండానే అప్పజెప్పినవే, నాలుగూ పరుగే.

అక్క మెట్ల మీంచి చూసింది. చూశారా, చేతులు కూడా అలిసిపోయాయి, మంచిరోజు చూసుకునే మానేస్తున్నాం అంది. ఇరవయ్యారేళ్ళలో బావ మొహం అలా మాడిపోవడం నేను చూడలేదు. దద్దుర్లతో మనిషి ఎర్రబడ్డాడు గానీ, ఈ మాటతో తెల్లబడ్డాడు.

సొరుగులోంచి చిన్న దిక్సూచి తీశాడు. టీచరమ్మ వాచీ దగ్గరికి తెచ్చాడు. దిక్సూచి ముల్లు దెయ్యం పట్టినట్టు ఊగింది. హెయిర్ స్ప్రింగుకి అయస్కాంతం అంటితే చుట్టలు ఒకదానికొకటి అతుక్కుని వాచీ పరుగందుకుంటుందని ఆ రోజు నాకు తెలిసింది, అంటే అంతకుముందే తెలుసు, ఆ రోజు గుర్తొచ్చింది. మిగతా మూడింటి దగ్గరా ముల్లు ఊగింది. మరి వాచీలకి అంటించిందెవరు? బావ దిక్సూచిని బల్లంతా తిప్పాడు. కాగితం దగ్గర నిలకడ, గాజు గిన్నెల దగ్గర నిలకడ. పట్టకార్ల పళ్ళెం దగ్గరికి రాగానే ముల్లు గిరగిరా తిరిగింది. ఆయన రోజూ వాడే పట్టకారుతో ఒక మరని ముట్టుకున్నాడు. మర దానంతటదే ఎగిరొచ్చి అతుక్కుంది.

ఆ పళ్ళెంలో పట్టకార్ల మీద నా ఫోను ఉంది. కొత్త కవరు, మూత తనంతట తానే టప్పున అతుక్కుంటుంది, లోపల అయస్కాంతం. నెలరోజులుగా టీ తాగేటప్పుడల్లా నేను దాన్ని అక్కడే పెడుతున్నాను. అంటే చూడండి, అసలు కనిపెట్టడానికి మూలం నేనే.

బావ పట్టకారు ఎత్తి వెలుతురులో చూస్తూ, నాతో కాదు, తనలో తను అన్నట్టు అన్నాడు.

"వాచీని అనుమానించాను, నూనెని అనుమానించాను, నా చేతుల్ని కూడా అనుమానించాను. బాగుచేసేదాన్ని మాత్రం అనుమానించలేదు."

సరిగ్గా అప్పుడు పది కొట్టింది. గోడ మీద పదకొండు గడియారాలూ కలిసి కొట్టాయి. అక్క మెట్లు దిగి, టీ, మాత్ర బల్ల మీద పెట్టింది. బావ టీ తీసుకున్నాడు. మాత్ర వంక, దిక్సూచి వంక చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. మాత్ర దగ్గరికి దిక్సూచి తీసుకెళ్తాడేమో అనుకున్నాను.

సొరుగులోంచి చీటీలు బయటికి తీశాడు. వాచీలవి కావు, తనవి. దద్దుర్లు మొదలైన రోజునుంచీ తన ఒంటికే ఒక చీటీ కట్టుకున్నాడు మనిషి. ఎన్నింటికి లేచాయి, ఎన్నింటికి దిగాయి, ఆ రోజు ఏం తిన్నాడు. వంకాయ రాశాడు, సబ్బు రాశాడు, పిల్లి ఎంతసేపు పడుకుందో కూడా రాశాడు. మాత్ర ఒక్కటి రాయలేదు. అది మందు కదా, మందుని ఎవరు రాస్తారు? కొట్టున్న రోజుల్లో దద్దుర్లు లేచింది పదీ నలభైకి. ఆదివారాల్లో ఎనిమిదీ నలభైకి. ఒక్కరోజు అటూ ఇటూ ఐదు నిమిషాలు, అంతే. ఇంత కచ్చితంగా నడిచే వాచీ ఆ కొట్టులోనే లేదు.

అక్కకి చెబితే ఒప్పుకోలేదు. అలర్జీ మందుకే అలర్జీ రావడమేంటి, మంటలార్పేవాళ్ళొచ్చి కొంప అంటించారా అంది. నావంక చూసింది, చదువుకున్నవాణ్ణని. కాలేజీలో ఆ పాఠం చెప్పిన రోజున నేను సినిమాకి వెళ్ళాను, కాబట్టి గంభీరంగా ఉండిపోయాను. బావ ఆయనకి తెలిసిన దారిలోనే పోయాడు. వంకాయ తెప్పించాడు, పిల్లిని పిలిచాడు, పాత సబ్బు పెట్టించాడు. మార్చింది ఒక్కటే. మాత్ర మానేశాడు. బుధవారం పాతవే రెండు మూడు కనపడ్డాయి. గురువారం లేవు. శుక్రవారం చెయ్యి అద్దంలా ఉంది. పటం తుడిచేశారు. పట్టకారుకి కూడా అయస్కాంతం వదిలించే డబ్బా ఒకటుంటుంది, అందులోంచి పది సెకన్లు పోనిచ్చి తీస్తే మంచిదైపోయింది. నాలుగు వాచీల్నీ అలాగే పోనిచ్చి తీస్తే అవీ పరుగాపాయి.

ఇక్కడ కథ ఆపేస్తే అందరం సుఖంగా ఉండేవాళ్ళం. అక్క ఆపనివ్వలేదు.

ఆవిడ లెక్క ఆవిడది. వాచీలు ముట్టుకోవడం తగ్గించారు కాబట్టి దద్దుర్లు తగ్గాయి, అంతే తప్ప మాత్ర వల్ల కాదు, సోమవారం పార్సిళ్ళే. ఇంతలో శనివారం పొద్దున బావకి తుమ్ములు తిరిగొచ్చాయి. తొమ్మిది తుమ్మాడు. కుర్చీ అటూ ఇటూ రైలింజన్లా తిరిగింది. మేడ మీద అక్క ఆ చప్పుడు విన్నది. మంచి మందు మానేసి మొండికేస్తున్నారని మనసులో బాధ. పదింటికి టీ తెచ్చింది, మాత్ర తేలేదు. నేను ఆశ్చర్యపోయాను. ఓడిపోయింది పాపం అనుకున్నాను.

పదీ నలభైకి బావ మెడ గోక్కున్నాడు. నేను గడియారం చూశాను, తర్వాత బావని చూశాను. మెడ మీంచి చెవుల దాకా ఎర్రగా పొంగుతోంది. పెదవులు వాస్తున్నాయి. ఈసారి చేతులు తొడల కింద పెట్టుకోలేదు, గొంతు పట్టుకున్నాడు. గాలి ఆడట్లేదని సైగ చేశాడు. నా వేళాకోళాలన్నీ ఆ నిమిషంలో ఎటు పోయాయో. అక్కని కేకేశాను. ఆవిడ మెట్ల మీద నుంచే ఆయన్ని చూసి గోడ పట్టుకుంది.

"పొడి చేసి టీలో కలిపాను," అంది.

వీధిలో పోతున్న ఆటోని ఆపి ముగ్గురం ఎక్కాం. ఆ దారిలో నేనొక్క అబద్ధం కూడా ఆడలేదు, అంత భయపడ్డాను. ఆసుపత్రిలో మంచం మీద పడుకోబెట్టగానే నర్సు దద్దుర్లు చూసి, ఇదెంతసేపమ్మా, అలర్జీ ఇంజెక్షను ఒకటి వేస్తే దిగిపోతుందని సూది నింపింది. అప్పుడు మా అక్క, నెలరోజులు ఆ మందుని దగ్గరుండి గొంతులో వేసిన మా అక్క, వెళ్ళి సూదికీ మంచానికీ మధ్య నిలబడింది.

"అలర్జీ మందు వద్దమ్మా. ఆయనకి పడనిదే అది," అంది.

నర్సు ఈవిడకి మతి పోయిందనుకుంది. పక్కనుంచి డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది, చిన్నవయసే, జడలో పెన్ను గుచ్చుకుని ఉంది. ఏ మందు పడదని అడిగింది. అక్క పిడికిలి విప్పింది. ఆ అట్ట ఇంటి దగ్గర్నుంచీ చేతిలోనే నలిగిపోయి ఉంది. నేను బావ చొక్కా జేబులోంచి చీటీలు తీసిచ్చాను. డాక్టరమ్మ రెండు చీటీలు చదివింది, మూడోది చదవలేదు. నర్సు చేతిలో సూది పక్కన పెట్టించి, వేరే మందు తొడకి పొడిచింది. ఐదు నిమిషాల్లో బావకి ఊపిరి తిన్నగా ఆడింది. ఆ ఐదు నిమిషాలు గోడ మీద గడియారం చూశాను. ఆసుపత్రివాళ్ళది, నిమిషానికి నాలుగు సెకన్లు వెనక.

బావ పెదవులు మామూలయ్యాక డాక్టరమ్మ నింపాదిగా చెప్పింది. ఈ మాత్ర బోలెడంతమంది వేసుకుని హాయిగా ఉంటారట. ఎక్కడో ఒకరికి ఆ మాత్రే పడదట. అలాంటివాళ్ళు దొరకడం కష్టం, ఎందుకంటే మాత్ర దద్దుర్లు తెస్తుంది, దద్దుర్లు చూసి జనం మళ్ళీ ఆ మాత్రే పెడతారు. ఈయనకి దాని దగ్గరి చుట్టాలు కూడా పడకపోవచ్చు, ఏవి పడతాయో ఏవి పడవో తర్వాత ఆసుపత్రిలోనే, పక్కన డాక్టరుండగా చూడాలి అంది. ఇంట్లో నేను చూస్తానన్నాను, కొంచెం చదువుకున్నాను కూడా అని. ఎంతవరకని అడిగింది. సగం అన్నాను. మిగతా సగం పూర్తయ్యేదాకా మందుల అట్టలు ముట్టుకోకండి అంది. ఆవిడకి నా సంగతి పూర్తిగా తెలీదు లెండి.

అక్కని మాత్రం తిట్టాల్సినంతా తిట్టింది. చెప్పకుండా మందు కలపడం ప్రాణాల మీదికి తెస్తుందని. అక్క తలవంచుకుని అంతా విన్నది. అలారం నోరు కట్టేసి పెట్టిన రోజు నా జీవితంలో అదొక్కటే. చివరికి డాక్టరమ్మ బావ వైపు తిరిగి, టీ తేడాగా అనిపించలేదా, ఎందుకు తాగారు అని అడిగింది.

"చేదుగానే ఉంది," అన్నాడు బావ అక్క వంక చూసి. "ఆ మాటంటే నువ్వు నొచ్చుకుంటావని."

దానికి అక్క ఏడ్చిందో నవ్విందో ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆదివారం అక్కడే ఉంచుకుని, సోమవారం పొద్దున పంపించారు. అంటే పార్సిళ్ళ ఆఫీసులో చేరాల్సిన రోజే. ఇల్లు చేరేసరికి పది కావస్తోంది. బావ మేడ ఎక్కలేదు. కొట్టు తలుపు తీసి, కాగితంలో చుట్టిన రెండు గడియారాల ముందు నిలబడ్డాడు. విప్పాలా వద్దా అని అడగలేదు, అక్క వైపు చూడనూ లేదు. అక్క అక్కడే గుమ్మంలో నిలబడి బాబాయికి ఫోను చేసింది. ఆయన రావట్లేదు అంది. ఒంట్లో ఎలా ఉందమ్మా, నూనె దిగిందా అని బాబాయి అడిగినట్టున్నాడు.

"నూనె తప్పేమీ లేదు బాబాయ్. ఆయనకి పార్సిళ్ళు పడవు," అంది.

బావ గడియారాల మీద కాగితం విప్పాడు. పదమూడూ గోడెక్కాయి. పిల్లి వచ్చి ఒళ్ళో కూర్చుంది.

తుమ్ములకి డాక్టరమ్మ ముక్కులో కొట్టుకునే మందొకటి ఇచ్చింది. దాంతో తుమ్ములు సగం తగ్గాయి. మిగతా సగానికి ఎడంకాలు ఉండనే ఉంది. గడియారాలు ఇప్పుడు ఒక్క నిమిషమే వెనక్కి నడుస్తున్నాయి. నెలా రెండు నెలలకి పెద్దాసుపత్రిలో బావని ఒక పూటంతా కూర్చోబెట్టి, ఒక్కో మందూ చిటికెడు చిటికెడు ఇచ్చి, పక్కనే గడియారం పెట్టుకుని చూశారు. ఒకసారికి ఒక్కటే ఇచ్చారని బావ ఆ డాక్టర్లని ఇప్పటికీ పొగుడుతాడు. పడనివాటి పేర్లు ఒక కార్డు మీద రాసిచ్చి, ఎప్పుడూ దగ్గర పెట్టుకోమన్నారు.

కార్డులు పోతాయన్నాడు బావ. తన చేతి వాచీ విప్పి, వెనక మూత మీద ఆ పేర్లు చెక్కాడు. జన్మలో మొదటిసారి, లోపలివైపు కాదు, బయటివైపు, ఎవరు మణికట్టు తిప్పినా కనపడేలా. నేను భూతద్దం తీసుకుని చదివాను. ముందు పది గంటల మాత్ర, తర్వాత దాని అన్న, ఆ తర్వాత దాని పినతండ్రి బిడ్డ ఇంకొకటి. నాలుగో వరుసలో మందు పేరు లేదు. "బావమరిది ఫోను" అని ఉంది.

అది మందుల జాబితా బావా, డాక్టర్లు చదివి కంగారుపడతారన్నాను. కంటికి భూతద్దం బిగించుకుంటూ, ఫోను అన్న మాట కొట్టేయమంటావా అని అడిగాడు.